సూళ్లూరుపేటలో భోజనాల వేళ



2023 జూలై 14న చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి బయల్దేరింది మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు. దేశానికి అది చారిత్రక ఘడియ. సూళ్లూరుపేట మెస్సులకు మాత్రం రెండో పంక్తి లేచే వేళ. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం జరిగింది. అప్పుడు ఉదయం 6 గంటల 23 నిమిషాలు, ఇడ్లీ మొదటి వాయి దిగే సమయం. 2024 డిసెంబర్ 30న స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు వెళ్లింది రాత్రి 10 గంటలకు. దోసెల పెనం కడిగి బోర్లించే సమయమది. రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని బతికే మనిషి కూడా రాకెట్టు ఎప్పుడు లేస్తుందో ముందుగా కనుక్కుని, దాన్నిబట్టి పిండి రుబ్బుకునే ఊరు ఇది.

నేను పుట్టింది విజయనగరం జిల్లాలో. ఉద్యోగం శ్రీహరికోటలో, కాపురం సూళ్లూరుపేటలో. నాలాంటి వాళ్లు ఇక్కడ చాలామంది. ప్రయోగం దగ్గర పడుతుంటే తిరువనంతపురం నుంచి, బెంగళూరు నుంచి, అహ్మదాబాద్ నుంచి, తమిళనాడులోని మహేంద్రగిరి నుంచి బృందాలు దిగుతాయి. కొందరు పని ముగించుకుని వెళ్లిపోతారు, కొందరు ఇక్కడే ఉండిపోతారు. ఎవరొచ్చినా ముందు అడిగే మాట ఒక్కటే: "ఇక్కడ మంచి హోటలేది?" ఆ ప్రశ్నకు ఈ ఊళ్లో సరైన జవాబు దొరకదు. "ఈ వేళప్పుడు ఎక్కడ తినాలి?" అని అడిగితే మాత్రం పదిమంది పది దారులు చూపిస్తారు. ఈ రెండు ప్రశ్నలకూ ఉన్న తేడా గురించే ఈ రోజు నా ప్రసంగం.

ముందు చోటు సంగతి చెప్పుకుందాం. శ్రీహరికోట ఒక దీవి. తూర్పున బంగాళాఖాతం, పడమట పులికాట్ సరస్సు. ఉప్పునీరూ మంచినీరూ కలిసే సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత పెద్దది ఇదే. 1969లో ఈ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్టుతో ప్రయోగాలు మొదలయ్యాయి. 2002లో కేంద్రానికి సతీష్ ధవన్ పేరు పెట్టారు. దీవి మీద పని చేసేవాళ్లకు తిండి అంటే ముఖ్యంగా క్యాంటీనే. నాలుగైదు రాష్ట్రాల నాలుకలకు ఒకే వంటతో సర్దిచెప్పాల్సిన చోటు అది. కేరళ వాళ్లకు కొబ్బరి చాలదు, మనకు కారం చాలదు, గుజరాతీలకు తీపి చాలదు. అయినా వేళకు వేడి అన్నం దొరుకుతుంది, అదే పెద్ద సుఖం. తుంబా రాకెట్ కేంద్రంలో తొలినాళ్ల ఇంజనీర్లకు ఆ మాత్రం కూడా లేదట. తిరువనంతపురం రైల్వే స్టేషన్ క్యాంటీన్‌లో టిఫిన్ తిని, మధ్యాహ్నం భోజనం అక్కడే కట్టించుకుని బస్సెక్కేవాళ్లమని, తర్వాతి కాలంలో శ్రీహరికోట కేంద్రానికి డైరెక్టరుగా చేసిన ఆర్. అరవముదన్ తన జ్ఞాపకాల్లో రాశారు.

క్యాంటీన్ దాటి నోటికి రుచి కావాలంటే సరస్సు దాటాలి. సరస్సు మధ్యగా వేసిన రోడ్డు మీద సుమారు 18 కిలోమీటర్లు వస్తే సూళ్లూరుపేట. దొరవారిసత్రం మండలంలోని నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టుకుని, చేపల కోసం పులికాట్‌కు ఎగిరి వెళ్లి, పిల్లలకు మేత పట్టుకొస్తాయి. మా రాకపోకలూ దాదాపు అలాంటివే. పని ఒక ఒడ్డున, కూడు ఇంకో ఒడ్డున. సూళ్లూరుపేట ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. కాగితం మీద జిల్లా మారింది గానీ పులుసులో మామిడికాయ ముక్క మారలేదు.

ఇక పొద్దున టిఫిన్ సంగతి. ఈ ఊరి టిఫిన్ రుచి తెలియాలంటే తెల్లవారుజామునే లేవాలి. చెన్నై నుంచి లోకల్ రైళ్లు సూళ్లూరుపేట దాకా వస్తాయి. ఆ రైలెక్కి చెన్నైలో పనికి పోయేవాళ్లు, మొదటి షిఫ్టు బస్సు కోసం నిలబడ్డవాళ్లు, శ్రీసిటీ ఫ్యాక్టరీలకు పోయే కుర్రాళ్లు, ఆటోలవాళ్లు, చేపల గంపలు దించిన ఆడవాళ్లు, అందరూ ఒక గంటన్నరలోనే తినాలి. అందుకే స్టేషన్ దగ్గరా, బస్టాండు దగ్గరా నిలిచే బండ్ల మీద ఇడ్లీ చల్లారే ప్రశ్నే లేదు. పిండి ఎప్పటికప్పుడు అయిపోతూ ఉంటుంది, చట్నీ ఎప్పటికప్పుడు కొత్తది వస్తూ ఉంటుంది. రుచికి కారణం వంటవాడి చేతిలో సగం, ఆ రద్దీలో సగం. అదే బండి దగ్గరికి తొమ్మిదిన్నరకు వెళ్లి చూడండి. అడుగున మిగిలిన పిండితో రెండు మందపాటి దోసెలు వేసి చేతిలో పెడతాడు. అప్పుడు ఆ బండి బాగాలేదని తేల్చేస్తే అన్యాయం.

ఇక్కడ తప్పక తినాల్సింది ఎర్రకారం దోసె. ఎండుమిరపకాయలు నానబెట్టి, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు చేర్చి మెత్తగా రుబ్బుతారు. దోసె పెనం మీద సగం కాలాక ఆ కారం పలచగా పూసి, పైన పప్పుల పొడి చల్లి మడుస్తారు. పప్పుల పొడి ఎందుకంటే కారం నాలుకను కాల్చేయకుండా ఆపడానికి. పక్కన కొబ్బరి చట్నీ వేయించుకుంటే మంట ఇంకొంచెం దిగుతుంది. కారానికి జంకేవాళ్లకు పులిబొంగరాలు ఉన్నాయి. పులిసిన దోసె పిండిలో ఉల్లి, పచ్చిమిర్చి కలిపి గుంతల పెనంలో పోసి తీస్తారు. పైన కరకర, లోపల మెత్తన. చెన్నై ఎనభై తొంభై కిలోమీటర్ల దూరమే కాబట్టి మిరియాలు, జీలకర్ర, నెయ్యి వేసిన పొంగలి, మీద సాంబారు, పక్కన వడ కూడా ప్రతి బండి మీదా ఉంటాయి. మా విజయనగరం వైపు ఇడ్లీ అంటే అల్లం పచ్చడి ఉండాల్సిందే. ఇక్కడ దాన్ని అడిగితే బండి ఆయన నన్ను ఎగాదిగా చూసి, "శనక్కాయల చట్నీ ఏసుకోనా, అల్లం గిల్లం అడగబాక" అన్నాడు. ఆ రోజు నుంచి అడగలేదు. ఇప్పుడు అల్లం పచ్చడి గుర్తుకు కూడా రాదు.

మధ్యాహ్నం మెస్సుల రాజ్యం. కొన్నిటికి బోర్డే ఉండదు. ఇంటి వరండాలో నాలుగు బల్లలు, గోడకు ఒక ఫ్యాను, లోపల వంట. నెలవారీ లెక్కన తినే ఉద్యోగులు, క్యారియర్లు పట్టుకుపోయే కుర్రాళ్లు, ప్రయోగం పని మీద కొన్నాళ్లకు వచ్చిన కాంట్రాక్టు మనుషులు. ఇలాంటి చోటికి దారి ఫోనులో దొరకదు. పన్నెండున్నర వేళ చేతిలో క్యారియర్ ఉన్నవాణ్ని ఆపి, ఎక్కడ కట్టించావని అడగాలి. లోపలికి వెళ్లాక వడ్డించే ఆవిడ ముందు మీ ఊరు అడుగుతుంది. రెండో వారం నుంచి మీకు ఏది ఇష్టమో ఆమెకే తెలుస్తుంది.

కొత్తగా వచ్చిన ఉత్తరాంధ్ర మనిషికి మొదట తెలిసేది పులుపు. మా వైపు పులుసులో కాస్త బెల్లం పడుతుంది. ఇక్కడ పులుపుకు ఏ తోడూ ఉండదు. చింతపండు చింతపండుగానే ఉంటుంది, గోంగూర గోంగూరగానే ఉంటుంది. కొన్ని నెలలు తిన్నాక తెలిసింది, ఆ పులుపు అన్నానికి కావాలి. ఇది వరి పండే నేల. నెల్లూరు మొలగొలుకులంటే ఒకప్పుడు మద్రాసు దాకా పేరు. ఇప్పుడు పొలాల్లో నెల్లూరు మసూరి అని రైతులు పిలిచే ఎన్.ఎల్.ఆర్. 34449 లాంటి రకాలు వేస్తున్నారు. సన్నని, పొడిపొడిగా ఉండే అన్నం. దాని మీద చిక్కటి పులుసు పడితేనే ముద్ద కలుస్తుంది. పప్పు, కూర, పులుసు, చారు, మజ్జిగ, నంజుకోవడానికి మజ్జిగ మిరపకాయ. ఈ వరసలో ఏది తప్పినా భోజనం అయినట్టు ఉండదు. శనివారం మాంసం ముట్టని ఇళ్లు ఇక్కడ ఎక్కువ. ఏడుకొండలవాడు ఉన్న జిల్లా కదా! కాబట్టి శనివారం చేపల కూర కోసం వెతక్కండి. ఆ రోజు పప్పు బాగుంటుంది.

ఇక చేపల పులుసు. నెల్లూరు చేపల పులుసు గురించి అందరూ వినే ఉంటారు. చిక్కగా తీసిన చింతపండు రసం, ఎండుకారం, ధనియాలు, వేయించిన మెంతుల పొడి, ఉల్లిపాయ, టమాట. పులుసు తెర్లుతుండగా చేప ముక్కలు, పచ్చి మామిడికాయ ముక్కలు వేస్తారు. ఆ తర్వాత గరిటె పెట్టరు, చట్టిని గుడ్డతో పట్టుకుని తిప్పుతారు. గరిటె పెడితే ముక్క విరుగుతుంది. పొద్దున వండినది రాత్రికి, రాత్రి వండినది మర్నాటికి బాగుంటుంది. పులుపు ముక్కలోకి దిగడానికి అంత సమయం కావాలి మరి. అందుకని ఇక్కడి మెస్సులో "ఇవాళే వండారా?" అని అడిగితే మీరు కొత్తవారని తెలిసిపోతుంది. "నిన్నటిది మిగిలిందా?" అని అడగండి.

కానీ ఏ చేప, ఏ నెల? ఇది తెలిస్తేనే ఊరు తెలిసినట్టు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మర పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక. లేత మామిడికాయలు విరివిగా వచ్చేది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. అంటే మామిడికాయ ఉన్నప్పుడు వంజరం, చందువా అరుదు. వంజరం దండిగా దొరికినప్పుడు మామిడికాయ వెతుక్కోవాలి. రెండూ చట్టిలో కలిసే రోజులు మార్చి నుంచి ఏప్రిల్ మధ్య దాకా. అప్పుడు ఎవరైనా పులుసు తినడానికి పిలిస్తే పని ఉందని చెప్పకండి. నిషేధం రోజుల్లో చెరువు బొచ్చెలతో, కొరమేనుతో సరిపెట్టుకోవాలి. అవీ బాగానే ఉంటాయి, కానీ వాటి రుచి వేరు.

సరస్సుదీ ఇదే కథ. పులికాట్‌కు ఈ వైపు పాత పేరు ప్రళయకావేరి. ఆ దీవుల్లోని బతుకునూ తిండినీ అక్కడి పలుకులోనే స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు'గా రాశారు. ఈ ప్రాంతానికి బదిలీ అయి వచ్చేవాళ్లు ముందుగా చదవాల్సిన పుస్తకం అది. ఈశాన్య రుతుపవనాల వానలకు కాళంగి, స్వర్ణముఖి, ఆరణి నదుల నీళ్లు సరస్సులోకి వస్తాయి. అక్టోబర్ నుంచి రాజహంసలు దిగుతాయి. రొయ్యలు, పీతలు, చిన్న చేపలు ఆ కాలంలో ఊళ్లోకి గంపలతో వస్తాయి. ఎండాకాలం వచ్చేసరికి శ్రీహరికోట రోడ్డుకు రెండు వైపులా సరస్సు అడుగు బీటలు తేలి కనిపిస్తుంది. అప్పుడు సరస్సు రొయ్యలని ఎవరైనా వడ్డిస్తే అవి చాలావరకు చెరువుల్లో పెంచిన వనామీలే. తప్పేమీ లేదు, తెలిసి తినాలి, అంతే.

తడ మండలంలో భీములవారిపాళెం అనే చోట పడవల రేవు ఉంది. ఇరకం దీవి వాళ్లు సరుకులకైనా ఆసుపత్రికైనా అక్కడికి పడవలో రావాల్సిందే. ఆ రేవు వైపు పొద్దున్నే వెళితే, మనం మధ్యాహ్నం తినబోయేది ఇంకా వలలోనే కనిపిస్తుంది. తమిళనాడు వైపు పులికాట్ పల్లెల్లో రొయ్యల వేటకు 'పాడు' అనే కట్టుబాటు ఉంది. ఏ రోజు ఏ చోట ఎవరు వల వేయాలో చీట్లు వేసుకుని వంతులు పంచుకుంటారు. అందరికీ మంచి చోటు ఎప్పుడో ఒకసారి దక్కుతుంది. మనకు పళ్లెంలో కనిపించేది ఇగురే గానీ, దాని వెనక ఇంత ఏర్పాటు ఉంది.

ఇంకో సంగతి కూడా మరిచిపోకూడదు. రాకెట్ కేంద్రం రాకముందు శ్రీహరికోట అడవి యానాదులది. తేనె, దుంపలు, చేపలు, పీతలు, మూలికలు వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియవు. దీవి కేంద్రానికి వెళ్లాక వాళ్ల పల్లెలు చాలావరకు ఇవతలికి వచ్చాయి. ఇవాళ సూళ్లూరుపేట, తడ బజార్లలో మనం బేరమాడే పీతల్లో చాలా భాగం యానాదుల చేతి మీదుగా వచ్చినవే. మనం ఈ ఊరికి వచ్చి చేరినవాళ్లం. వాళ్లు ఈ నేల మీదే చోటు మారాల్సి వచ్చినవాళ్లు. పీతలకు పది రూపాయలు తగ్గించమని అడిగే ముందు ఈ ముక్క గుర్తు తెచ్చుకుంటే చాలు.

సాయంత్రం అయ్యేసరికి ఊరి వాసన మారిపోతుంది. తమిళ దేశపు పరోటా, దాంట్లోకి సాల్నా కూర మొదలవుతాయి. మైదాను సాగదీసి, గాలిలో విసిరి, చుట్ట చుట్టి, కాల్చి, రెండు అరచేతులతో కొట్టి పొరలు విడదీస్తారు. పరోటా బండిని ఎంచుకోవడానికి చూడాల్సింది ఒక్కటే, కాల్చినవి ముందే పేర్చి పెట్టాడా, అడిగాక కాలుస్తున్నాడా అని. తడ వైపు శ్రీసిటీ 2008లో మొదలైంది. ఇసుజు బండ్లు, క్యాడ్‌బరీ చాక్లెట్లు తయారయ్యేది అక్కడే. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కార్మికులు ఎక్కువయ్యాక ఆ దారిలో చపాతీ, ఆలూ కూర, పానీపూరీ బండ్లు పెరిగాయి. ఉత్తరాది పప్పు తినాలనిపిస్తే పెద్ద రెస్టారెంటుకు వెళ్లనక్కర్లేదు, షిఫ్టు దిగిన కుర్రాళ్లు ఎక్కడ గుంపుగా నిలబడ్డారో అక్కడికి వెళితే చాలు. శ్రీకాళహస్తి వైపు బండి తిప్పితే రాగి సంగటి, నాటుకోడి పులుసు మొదలవుతాయి. అన్నం తినే నేల నుంచి సంగటి తినే నేలకు గంట ప్రయాణం. ఉత్తరానికి నెల్లూరు వెళితే కోమల విలాస్‌లో శాకాహార భోజనం చేసి, మలైకాజా కట్టించుకుని రావచ్చు.

మిగిలింది ప్రయోగాల రాత్రి. 2019 జూలై 15న చంద్రయాన్-2 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు లేవాలి. జనం ముందు రోజే వచ్చేశారు. లోపం కనిపించి 56 నిమిషాల ముందు ఆపేశారు. అర్ధరాత్రి దాటాక పిల్లలతో, పెద్దలతో తిరుగుముఖం పట్టిన అంత జనానికి కావాల్సింది ఒక టీ, రెండు బిస్కెట్లు. ఊళ్లో అలాంటి రాత్రి దీపం వెలిగే చోట్లు వెతకాలంటే కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి వైపు చూడాలి. రాత్రీ పగలూ తెరిచి ఉండే గుడి అది. ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు వచ్చి దణ్ణం పెట్టుకునేదీ అక్కడే. భక్తులు ఏ వేళకైనా వస్తారు కాబట్టి ఆ చుట్టుపక్కల టీ కూడా ఏ వేళకైనా దొరుకుతుంది. వారం తర్వాత, జూలై 22న మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలకు చంద్రయాన్-2 వెళ్లింది. ఆ రోజు జనం మళ్లీ వచ్చారు, ఈసారి భోజనాల వేళకు.

కాబట్టి ప్రయోగం చూడ్డానికి వచ్చే శ్రోతలకు ఒక సూచన. రాకెట్టు లేచిన తర్వాత తిందామని ఆగకండి. గ్యాలరీ నుంచి బయటికి వచ్చిన వేలమందికీ అదే సమయంలో ఆకలి వేస్తుంది. ముందే తిని వెళ్లండి, లేదా పొట్లం కట్టించుకోండి.

కొత్త ఊరికి బదిలీ మీద వెళ్లే వాళ్లకు నేను చెప్పేది ఇంతే. ఫోనులో చుక్కలు లెక్కపెట్టి హోటలు ఎంచుకోకండి. ఆ చుక్కలు పెట్టినవాళ్లలో చాలామంది ఒక్క పూట వచ్చి పోయినవాళ్లు. తెల్లవారి ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి ఊరంతా కాలినడకన తిరగండి. ఎవరు తింటున్నారో, ఏ తొందరలో తింటున్నారో, వండేది ఎక్కడి సరుకో చూడండి. ఈ మూడూ తెలిస్తే మీ చోటు మీకే కనిపిస్తుంది. దొరికాక దాన్ని నిలబెట్టుకోండి. చిన్న మెస్సులో అరువు పెట్టకండి, రాని రోజు ముందే చెప్పండి, వండిన మనిషిని పేరుతో పలకరించండి.

చివరిగా ఒక విన్నపం. రాయదొరువు దగ్గర పులికాట్ ముఖద్వారం ఇసుకతో పూడిపోతోంది. సముద్రపు నీరు లోపలికి రాకపోతే రొయ్యా ఉండదు, పీతా ఉండదు, వాటి మీద బతికే పల్లెలూ ఉండవు. పూడిక తీయించమని జాలర్లు అడుగుతున్నప్పుడు అది వాళ్ల గొడవ అని ఊరుకోకండి. ఈ ఊరి పులుసు తిని ఎదిగిన ప్రతివాడూ వాళ్లతో గొంతు కలపాలి.